గుంట ఎండిపోయినా బాతులు ఎక్కడికీ పోలేదన్నా

జేమ్స్‌టౌన్ దగ్గర పోయినేడు బాతులు దిగిన గుంట ఈసారి ఎండిపోయిందని, బాతుల వేటకు అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రానికి ప్రయాణం మానేయాలా అని అడిగారు. మానొద్దు. లోతు లేని గుంటలే ముందు ఎండుతాయి. ఆ బాతులు మిగిలిన పెద్ద నీళ్లకు చేరతాయి. అక్కడ వేటగాళ్లూ ఎక్కువే ఉంటారు, అందుకే నేనైతే నీళ్ల కన్నా పొలాలే నమ్ముతాను. ముందురోజు సాయంత్రం దుర్భిణీతో రోడ్డు మీదే ఉండండి. చెరువు నుంచి లేచిన మల్లార్డ్‌ల (ఒక రకం అడవి బాతుల) గుంపు గోధుమ కొయ్యకాళ్లలో ఎక్కడ దిగుతుందో చూసి, ఆ రైతు ఇంటికెళ్లి అనుమతి అడగండి.

నీళ్ల దగ్గరే వేటాడాలంటే ఒడ్డుతో జాగ్రత్త. నీరు తగ్గిన చోట తెల్లటి ఉప్పు పెచ్చు, బీటలు చూసి గట్టి నేల అనుకుంటాం. అడుగేస్తే మోకాలి దాకా నల్లబురద! కర్రతో పొడిచి చూస్తూ నడవండి. పడవ దించడం కష్టం, అందుకే నిజం బాతుల్ని దింపే ఎరగా పెట్టే బొమ్మ బాతులు కొన్నే భుజాన మోసుకెళ్లండి.

వెచ్చటి, తగ్గిన నీళ్లలో బాతులకు బొట్యులిజం, అంటే బాక్టీరియా విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు, వస్తుంది. మెడ వాల్చేసిన పక్షిని కుక్క నోటికి అందనివ్వకండి. ఎండుగడ్డి మీద బండి మాత్రం ఆపొద్దు, సైలెన్సర్ వేడికే అంటుకుంటుంది.