అమ్మ పెళ్లి, కొడుకు మౌనం

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. మాది తెనాలి, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. పదో తరగతిలో మా వీధి చివరింటి అబ్బాయి, నేను ఇష్టపడ్డాం. 1995లో వాళ్ల నాన్నగారికి బదిలీ అయి ఊరు మారిపోయారు. నాకు 21వ ఏట పెళ్లి చేశారు. మావారు మంచివారు. ప్రైవేటు కంపెనీలో పనిచేసేవారు. ఆరేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. మధ్యలో అతను ఒక పెళ్లిలో కనిపించాడు, తర్వాత మావారు పోయినప్పుడు పలకరింపుకి వచ్చాడు. మూడేళ్ల కిందట మా టెన్త్ బ్యాచ్ కలిసినప్పటి నుంచి రోజూ మాట్లాడుకుంటున్నాం. హైదరాబాద్‌లో ఉంటాడు. భార్యతో విడాకుల కేసు నడుస్తోంది. ‘కేసు ఎలాగూ తేలిపోతుంది, ముందు గుళ్లో పెళ్లి చేసుకుందాం’ అంటున్నాడు. బీటెక్ మూడో ఏడు చదివే మా అబ్బాయికి ‘మాది చిన్నప్పటి ఇష్టం’ అని చెప్పాను. ఆ రోజు నుంచి వాడు నాతో సరిగా మాట్లాడటం లేదు. నా దగ్గరే ఉండే మా అత్తగారికి ఇంకా చెప్పలేదు. ఏం చేయను?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మీ అబ్బాయికి ఈ పెళ్లి ఇష్టం లేదని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం వాడికి గుచ్చుకున్నది పెళ్లి కాదు, మీరు చెప్పిన మాట అనిపిస్తోంది. ‘చిన్నప్పటి ఇష్టం’ అనే మాట మీకు తియ్యగానే ఉంటుంది. దాన్నే వాడి చెవితో ఒకసారి వినండి. చిన్నప్పటి నుంచీ ఈయనే అయితే మరి నాన్న ఎవరు? పద్దెనిమిదేళ్లు నాన్నతో కాపురం చేస్తూ అమ్మ ఈయన్నే తలుచుకుందా? నాన్న పోయినప్పుడు వాడికి పద్నాలుగేళ్లు ఉండి ఉంటాయి. పలకరింపుకి ఎవరెవరు వచ్చారో ఆ వయసు పిల్లలకి బాగా గుర్తుంటుంది. ఆ రోజు వచ్చిన మనిషే ఈయన అని తెలిశాక వాడి బుర్రలో ఎన్ని లెక్కలు తిరుగుతున్నాయో!

కాబట్టి కథని పదో తరగతి నుంచి మొదలుపెట్టకండి. గత మూడేళ్ల నుంచి మొదలుపెట్టండి. ‘నాన్నతో నా కాపురంలో ఏ లోటూ లేదు, అప్పట్లో ఈయన నాకు గుర్తుకొచ్చింది కూడా తక్కువ. నాన్న పోయాక సాయంత్రాలు గడవడం కష్టమైంది. ఈయనతో మాట్లాడితే తేలిగ్గా ఉంది’ అనండి. ఇది నిజమైతేనే సుమా. కాకపోతే మీకు ఏది నిజమో అది చెప్పండి, ఇలాంటి చోట అల్లిన మాట పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ‘నువ్వు ఒప్పుకుంటేనే చేసుకుంటాను’ అని మాత్రం అనకండి. తల్లి పెళ్లికి అనుమతి ఇచ్చే బరువు ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన పెట్టకూడదు. మేనమామల చేత, పిన్నుల చేత చెప్పించడం కూడా వద్దు.

ఇక గుళ్లో పెళ్లి సంగతి. దీని మీద నాది ఒకటే మాట, వద్దు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, ఆయన మొదటి పెళ్లి రద్దు కాకుండా మీ మెడలో పడే తాళి చెల్లదు. పైగా అది భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. తీర్పు వచ్చాక కూడా అవతలివాళ్లు అప్పీలుకి వెళ్లడానికి 90 రోజుల గడువుంటుంది. అది దాటాకే ముహూర్తం మాట. ‘కేసు నడుస్తోంది’ అనే మాటకి చాలా అర్థాలుంటాయి. ఇద్దరూ ఒప్పుకుని వేశారా, ఆయనొక్కడే వేశాడా, ఇంకా లాయరు నోటీసు దగ్గరే ఉందా? ఆయన లాయరు దగ్గరికి మీరూ కలిసి వెళ్లి కాగితాలు చూడండి. అలా అడిగినందుకు ఆయన నొచ్చుకుంటే, అది మీకు ఇప్పుడే తెలియడం మంచిది.

డబ్బు విషయం మీరు రాయలేదు. మీ అబ్బాయి మాత్రం ఆలోచిస్తూనే ఉంటాడు, అడగడానికి సిగ్గుపడుతూ ఉంటాడు. మీవారి పీఎఫ్ మీద వితంతు పెన్షన్ వస్తుంటే, మళ్లీ పెళ్లి చేసుకున్న రోజు నుంచి అది ఆగిపోతుంది. చెప్పకుండా తీసుకుంటే తర్వాత చిక్కు. 25 ఏళ్ల లోపు పిల్లలకి వచ్చేదేమిటో పీఎఫ్ ఆఫీసులో కనుక్కోండి. మీవారి స్వార్జితమైన ఇల్లు ఉండి, ఆయన వీలునామా రాయకపోతే అది మీకు, అబ్బాయికి, మీ అత్తగారికి తలా ఒక వాటా. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన మీ వాటా పోదు. అయితే రేపు వీలునామా లేకుండా మీకేమైనా అయితే ఆ వాటాలో కొత్త భర్తకి కూడా హక్కు వస్తుంది. అందుకే పెళ్లికి ముందే మీ వాటా అబ్బాయికి చెందేలా వీలునామా రాసి రిజిస్టర్ చేయించండి. ఈ పని చేశానని బాబుకి చెప్పండి కూడా. ‘నాన్న స్థానం ఎక్కడికీ పోదు’ అని పదిసార్లు అనడం కన్నా వాడికి ఇది బాగా అర్థమవుతుంది.

అత్తగారికి మీరే చెప్పాలి, పక్కింటివాళ్లు చెప్పేలోపు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇన్నేళ్లయినా అత్తగారికి ఈ మాట చెప్పడానికి గొంతు పెగలడం లేదంటే మిమ్మల్ని తప్పుపట్టలేను. కొడుకుని పోగొట్టుకున్న మనిషి. మొదట ఏడుస్తారు, రెండు మాటలంటారు. అయితే ఆవిడ అసలు భయం వేరు. ‘నేనెక్కడుండాలి?’ ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉన్నాకే నోరు విప్పండి. హైదరాబాద్ వెళ్తారా, ఆయనే గుంటూరు వస్తారా, ఆవిడ మీతో ఉండటం ఆయనకి సమ్మతమేనా? ఇవేవీ మీరిద్దరూ ఇంకా మాట్లాడుకున్నట్టు లేదు. మూడేళ్లుగా రోజూ మాట్లాడుకుంటున్నారు కదా, అందులో సగం ఆ పాత వీధి గురించే అయివుంటుందని నా అనుమానం.

ఒక్కటి మిగిలింది. ఆయనకి పిల్లలున్నారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఉంటే, వాళ్లకి మీ గురించి ఏమని చెప్పారు? ఈ రాత్రి ఫోన్‌లో ముందు అది అడగండి.