ముక్కెత్తి పడే గ్లైడర్‌కి రెక్క మార్చు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

తేలికైన బాల్సా చెక్కతో చేసిన నీ గ్లైడర్ (ఇంజను లేని బొమ్మ విమానం) వదిలీ వదలగానే ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి దబ్బున పడుతోందని రాశావు. చెక్కది తప్పు కాదు. రెక్క కొలత, బరువు ఉన్న చోటు, ఈ రెండూ చూడాలి.

నీ రెక్క పొడవు 30 సెం.మీ., వెడల్పు 10. అంటే మూడింతలు. 1901లో రైట్ సోదరుల గ్లైడర్ కూడా ఇంచుమించు ఇదే లెక్క: 22 అడుగులకు 7. లెక్కగట్టిన లిఫ్ట్‌లో, అంటే పైకి లేపే బలంలో, మూడో వంతే వచ్చింది (లెక్కకి వాళ్లు వాడిన పాత అంకె కూడా తప్పేలే). అమెరికాలోని తమ ఊరు డేటన్‌కి తిరిగొచ్చి, ఆరడుగుల చెక్కపెట్టెలో ఫ్యానుతో గాలి తోలి, 200 దాకా బుల్లి రెక్కల్ని పరీక్షించారు. 1902లో పెట్టింది 32 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. అది చక్కగా తేలింది. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ కదా, కింది గాలి రెక్క కొసల దగ్గర పైకి మళ్లి సుడి తిరుగుతుంది. ఆ సుడికి ఖర్చయ్యేది నీ గ్లైడర్ వేగమే. సన్నగా, పొడుగ్గా ఉంటే ఆ ఖర్చు తగ్గుతుంది.

నువ్వు 42 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు పెట్టు. చెక్క దాదాపు అంతే పడుతుంది. 3 మి.మీ. షీటు తీసుకో, చెక్క నార గీతలు రెక్క పొడవునా ఉండాలి. అడ్డంగా ఉంటే మొదటి విసురుకే విరుగుతుంది. ముందంచు గుండ్రంగా, ముందు నుంచి మూడో వంతు దగ్గర మందంగా, వెనకంచు మిల్లీమీటరుకి తగ్గేలా పైవైపు మాత్రమే శాండ్‌పేపర్ పట్టు.

తర్వాత మధ్యలో కోసి, ఒక సగం బల్ల మీద పరిచి, రెండో సగం కొసని 7 సెం.మీ. ఎత్తులో ఉంచి ఫెవికాల్‌తో అతికించు. రాత్రంతా కదిలించకు. రైట్ల 1903 విమానం రెక్కలు కాస్త కిందికే వంగి ఉండేవి, కానీ అందులో రెక్క మెలితిప్పి సర్దే మనిషి ఉన్నాడు. నీ దాంట్లో లేడు, కాబట్టి ఒరిగితే తనే నిలదొక్కుకోవాలి, అందుకే రెక్కల కొసలు ఇలా పైకి లేచి ఉండాలి.

రెక్క ముందంచు కింద 2 మి.మీ. పుల్ల పెట్టి బాడీకి అతికించు. తోక మాత్రం చదునుగా.

ఇక బరువు. ముందంచు నుంచి 23 మి.మీ. వెనక, రెండు రెక్కల కింద వేళ్లు పెట్టి ఎత్తు. తోక వాలితే ముక్కుకి క్లే చేర్చు, సమంగా నిలిచేదాకా. భుజం ఎత్తు నుంచి, గాలికి ఎదురుగా, ముక్కు వెంట్రుకవాసి కిందికి పెట్టి మెల్లగా తొయ్యి. పైకి విసరకు. ఇంకా ముక్కెత్తితే శనగగింజంత క్లే చేర్చు, నిటారుగా కిందికి దూకితే అంతే తీసెయ్. ఒకేసారి రెండు మార్పులు చేయకు, ఏది పనిచేసిందో తెలియదు.

ఎప్పుడూ ఒకే పక్కకి తిరుగుతుంటే రెక్కని వెనక నుంచి కంటి ఎత్తులో పెట్టి చూడు, ఎక్కడో మెలి పడి ఉంటుంది. కెటిల్ ఆవిరి మీద పట్టి, ఎదురు మెలి తిప్పి, చల్లారేదాకా వదలకు. అన్నట్టు, తడిగోడకి ఆనించి పెట్టకు, మళ్లీ మెలి పడుతుంది.

ఇట్లు,
మీ మామయ్య