చక్కెర డబ్బా తీసేశాం సరే, గోళీల డబ్బా సంగతేంటి?

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు చక్కెర మానడం గురించే, అందుకే మిగతావి వచ్చే వారానికి పెట్టి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: మేడమ్, నాకు 38 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు, పొట్ట మాత్రం పెరిగింది. బరువు తగ్గుదామని చక్కెర పూర్తిగా బంద్ చేసి చాయ్‌లో స్వీటెనర్ గోళీలు వేసుకుంటున్నా, ఆఫీస్‌లో మధ్యాహ్నం డైట్ కోలా తాగుతా. నెలలు గడుస్తున్నా బరువు పెద్దగా తగ్గలేదు. పైగా ఈ గోళీలతో క్యాన్సర్ వస్తుందని మా ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. మళ్లీ చక్కెరకే పోవాలా?
— కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ భయం తీర్చేసుకుందాం. ఆ మెసేజ్‌లకి మూలం 2023 జులైలో వచ్చిన వార్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన విభాగం, డైట్ కూల్‌డ్రింకుల్లో, కొన్ని స్వీటెనర్ గోళీల్లో వాడే ఆస్పర్టేమ్‌ని 2బి అనే గ్రూప్‌లో పెట్టింది, అంటే అనుమానం ఉంది కానీ ఆధారాలు గట్టిగా లేవని అర్థం, కలబంద ఆకు మొత్తం నుంచి తీసే రసం కూడా అదే గ్రూప్‌లో ఉంది. సరిగ్గా అప్పుడే ఆహారంలో కలిపే పదార్థాలని పరిశీలించే ఇంకో నిపుణుల కమిటీ, కిలో శరీర బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాముల వరకు పర్లేదన్న పాత లెక్కనే ఉంచింది. 70 కిలోల మనిషి ఆ లెక్క దాటాలంటే రోజుకి 9 నుంచి 14 డైట్ కూల్‌డ్రింక్ క్యాన్ల కన్నా ఎక్కువ తాగాలి. కాబట్టి ఇన్నాళ్లు తాగినదాని గురించి మీరు నిద్ర చెడగొట్టుకోకండి.

కానీ బరువు విషయంలో మీ అనుభవం అబద్ధం కాదు. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికని ఈ స్వీటెనర్లు వాడొద్దని సలహా ఇచ్చింది. కొత్తలో కొంచెం తగ్గినట్టు కనిపించినా ఎక్కువకాలం వాడినవాళ్లలో ఆ లాభం నిలబడలేదు, పైగా ఏళ్ల తరబడి వాడేవాళ్లలో షుగర్, గుండె జబ్బులు కాస్త ఎక్కువగా కనిపించాయి. అయితే ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి, బరువు ఎక్కువ ఉన్నవాళ్లే కదా ఎక్కువగా స్వీటెనర్లకి వెళ్తారు, అందుకని ఆ జబ్బులకి కారణం గోళీయేనని ఖాయంగా అనలేం, ఆ సంస్థ కూడా అందుకే దాన్ని గట్టి ఆదేశంలా కాకుండా షరతులతో కూడిన సలహాగానే ఇచ్చింది.

నన్నడిగితే అసలు ఇబ్బంది నాలుక దగ్గర ఉంది. ఆస్పర్టేమ్ చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తీపి, సుక్రలోజ్ అనే ఇంకో స్వీటెనర్ అయితే సుమారు 600 రెట్లు. మీరు చాయ్‌లోంచి చక్కెర తీశారు గానీ తీపి తీయలేదు, నాలుక ఎక్కడుందో అక్కడే ఉంది, అందుకే మూడింటికి డైట్ కోలా, నాలుగింటికి ఉస్మానియా బిస్కెట్ అడుగుతూనే ఉంటది. చెంచా చక్కెర అంటే 4, 5 గ్రాములు, అంటే మహా అయితే 20 క్యాలరీలు, మీరు రోజుకి నాలుగు చాయ్‌ల మీద 80 క్యాలరీలు మిగిల్చి "చక్కెర మానేశాను కదా" అన్న ధైర్యంతో రెండు బిస్కెట్లు ఎక్కువ తింటే ఆ మిగిలింది అక్కడే పోయింది.

అందుకని చక్కెరకి తిరిగి వెళ్లొద్దు, గోళీల మీదే ఉండిపోవద్దు, తీపినే కొంచెం కొంచెం దించండి. ఇంట్లో పొద్దున తాగే చాయ్‌తో మొదలుపెట్టండి ఎందుకంటే అది మీ చేతిలో ఉన్న కప్పు. రెండు గోళీలు వేస్తుంటే ఒకటి చేయండి, అలవాటయ్యాక సగం, తర్వాత అదీ వద్దు. ఇంకో కిటుకు, తీపి లేనప్పుడు ఎక్కువ మరిగిన డికాక్షన్ వగరు బాగా తెలుస్తది, అందుకే చాలామంది రెండో రోజే వదిలేస్తారు. పొడి కొంచెం తగ్గించి, తక్కువ మరిగించి, అల్లమో యాలకులో దంచి వేయండి. కొన్ని వారాలు ఓపిక పడితే పాలలో సహజంగా ఉండే తీపే తెలియడం మొదలవుతుంది, అప్పుడు పాత చాయ్ మీకే పానకంలా అనిపిస్తది.

ఆఫీస్ మెషీన్‌తో జాగ్రత్త, ప్రీమిక్స్ పొడి అయితే చక్కెర అందులోనే కలిసి ఉంటుంది, టీ బ్యాగ్, వేడి పాలు దొరుకుతాయేమో అడగండి. ఇరానీ హోటల్‌కి పోతే ఫీకీ చాయ్, అంటే చక్కెర లేని చాయ్, అని అడిగి చూడండి, కొన్నిచోట్ల ఇస్తారు. ఇవ్వని చోట వారానికొకసారి మామూలుదే తాగండి, దానికేం కాదు. హైదరాబాద్‌లో ఉండి ఇరానీ చాయ్‌కి పూర్తిగా దూరమవ్వమని చెప్పడం నాకు చేతకాదు, చెప్పినా మీరు వినరు.

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో చక్కెర కొనడం మానేశాం. చాయ్‌లో బెల్లం, నిమ్మరసంలో తేనె, పిల్లల పాలలో తాటిబెల్లం. ఖర్చు బాగానే అవుతోంది కానీ ఆరోగ్యం కదా అని సర్దుకుంటున్నాం. మేము కరెక్టేనా?
— కూకట్‌పల్లి నుంచి ఒక గృహిణి

జవాబు: మీ తాపత్రయం నాకర్థమైంది, కానీ మీ ఇంట్లో చక్కెర ఇంకా ఉంది, రంగు మారింది అంతే. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉండేదీ అదే. తేనెలో ఫ్రక్టోజ్, గ్లూకోజ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించమని చెప్పే చక్కెరల లెక్కలో తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు అన్నీ వస్తాయి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి చక్కెర 25 గ్రాముల లోపే ఉంచుకోమంది, అంటే మనిషికి ఐదారు చెంచాలు, అది కూడా బిస్కెట్, కెచప్, కూల్‌డ్రింక్ అన్నీ కలిపి. 300 మిల్లీలీటర్ల మామూలు కోలా ఒక్కటి తాగితేనే ఆ లెక్క దాటిపోతుంది.

బెల్లంలో ఐరన్ ఉంటుంది కదా అంటారు, ఉంటుంది, కానీ రక్తం పట్టేంత ఐరన్ దాని నుంచి రావాలంటే ఎంత బెల్లం తినాలో ఆలోచించండి. ఆ పని తోటకూర, మునగాకు, పప్పులు చేస్తాయి, పైన నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఇంకా బాగా పడుతుంది. ఇప్పుడు సిటీలో ఏ రోడ్డు చూసినా బెల్లం టీ బండ్లు కనిపిస్తున్నాయి, షుగర్ ఉన్నవాళ్లు కూడా ఇది మంచిదేనట అని రెండేసి కప్పులు తాగుతున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తది.

అలాగని పచ్చిపులుసులో వేసే చిన్న బెల్లం ముక్క కూడా తీసేయకండి, నలుగురికి పంచుకుంటే అది లెక్కలోకి రాదు. సద్దుల బతుకమ్మకి మలీద, ఉగాదికి భక్ష్యాలు హాయిగా చేసుకోండి, ఆ రోజుకి తినండి. పండగ తీపి ఎవరినీ పాడు చేయదు, రోజూ నాలుగుసార్లు తెలియకుండా పోయే తీపినే చూసుకోవాలి. పిల్లల పాలలో తాటిబెల్లం మాత్రం మెల్లగా తగ్గించేయండి.

ప్రశ్న: మా అత్తమ్మకి 67 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, గోళీలు వేసుకుంటది, పోయిన ఏడాది నుంచి ఇన్సులిన్ కూడా. మా ఆయన ఇంట్లోకి చక్కెర, స్వీటెనర్ రెండూ రానివ్వనని పట్టుబట్టిండు. అత్తమ్మ కాఫీలో గోళీ లేకపోతే తాగనే తాగనని అలుగుతోంది. రోజూ ఇదే పంచాయితీ. ఎవరి మాట వినాలి?
— సైదాబాద్ నుంచి ఒక కోడలు

జవాబు: కాఫీ విషయంలో అత్తమ్మ మాటే వినండమ్మా. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి వర్తించదని వాళ్లే రాశారు. ఆ వయసులో ఆమెకున్న ఒక్క సరదా ఒక చిన్న గోళీ అయితే దాని కోసం ఇంట్లో గొడవ వద్దు.

ఇంట్లో అసలు చక్కెరే ఉండొద్దన్న మాట మాత్రం ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, గ్లిమెపిరైడ్ లాంటి గోళీలు వేసుకునేవాళ్లకి భోజనం ఆలస్యమైనా, తిండి ఉన్నట్టుండి తగ్గినా షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, ఊరికే కోపం, ఇవి కనిపిస్తే వెంటనే మెషీన్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్వీటెనర్ గోళీ గానీ డైట్ కూల్‌డ్రింక్ గానీ ఆ టైంలో ఎందుకూ పనికిరాదు, అందులో రక్తంలోకి వెళ్లే చక్కెరే లేదు. ఇంకొకటి చాలామందికి తెలియదు, ఆమె గోళీల్లో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే మామూలు చక్కెర కూడా తొందరగా పనిచేయదు, గ్లూకోజే కావాలి. కాబట్టి ఒక గ్లూకోజ్ డబ్బా ఆమె మంచం పక్కనే పెట్టండి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

మీ ఆయనకి ఇంకో మాట చెప్పండి, ఆమె అన్నం, తీపి ఏది బాగా తగ్గించినా ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, మందు డోసు మార్చాల్సి రావొచ్చు. షాపుల్లో దొరికే షుగర్ ఫ్రీ స్వీట్లు మాత్రం ఇంట్లోకి రాకుండా ఆయన ఆపగలిగితే ఆపనివ్వండి, వాటిలో కోవా, మైదా, నెయ్యి అలాగే ఉంటాయి, కొన్నిటిలో తీపి కోసం వేసే మాల్టిటాల్ అనే పదార్థం షుగర్‌ని కొంత పెంచుతుంది కూడా, ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు, వాళ్ల స్కూల్లో దేంట్లో ఎంత చక్కెర ఉందో చూపించే షుగర్ బోర్డ్ పెట్టారట, అది చూసొచ్చి ఇంట్లో మాకు క్లాసు పీకుతోంది. నో యాడెడ్ షుగర్ అని రాసి ఉన్న బిస్కెట్లు, పాలపొడులు కొనొచ్చా?
— మల్కాజ్‌గిరి నుంచి ఒక తండ్రి

జవాబు: 2025లో సీబీఎస్ఈ తన స్కూళ్లన్నిటికీ ఈ బోర్డులు పెట్టమని చెప్పింది, మంచి పని. ప్యాకెట్ ముందువైపు రాసింది వదిలేసి వెనక పదార్థాల జాబితా చదవండి, ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. డెక్స్‌ట్రోజ్, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, ఫ్రూట్ జ్యూస్ కాన్సంట్రేట్ అన్నీ చక్కెర కుటుంబమే. 950, 951, 954, 955, 960 లాంటి నంబర్లు కనిపిస్తే స్వీటెనర్ వేశారని అర్థం, 960 స్టీవియా నుంచి వచ్చేది. పాపకి ఏ జబ్బూ లేనప్పుడు ఈ రెండో రకం కూడా ఎందుకు అలవాటు చేయడం, ఆ నాలుక ఇప్పుడే నేర్చుకుంటోంది. పాలలో కలిపే పొడుల గురించి అయితే, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ షాపులకి వాటిని హెల్త్ డ్రింక్స్ విభాగంలోంచి తీసేయమని చెప్పింది. ఉత్త పాలు ఇవ్వండి. స్నాక్‌కి వేయించిన పల్లీలు, ఉడకబెట్టిన శనగలు, అటుకుల పోపు, మొక్కజొన్న కంకి పెట్టి చూడండి, పాపే మీ కన్నా ముందు అలవాటు పడుతుంది.

ప్రశ్న: చక్కెర మానేసినవాళ్లు మామిడిపండు, సీతాఫలం కూడా మానాలా?
— ఉప్పల్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: అక్కర్లేదు. పండుని పండులా కోసుకుని తింటే పీచు ఉంటుంది, నమలాలి, కడుపు నిండుతుంది, దాన్ని ఎవరూ ఆ 25 గ్రాముల లెక్కలో వేయరు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ని అడిగి తినాలి. జ్యూస్ సంగతి వేరు, గ్లాసులో మూడు నాలుగు పండ్ల తీపి దిగుతుంది, పీచు పిప్పిలో పోతుంది, మీద జ్యూస్ సెంటర్ వాళ్లు చక్కెర కూడా వేస్తారు. తాగక తప్పదంటే చక్కెర వద్దని మిక్సీ తిప్పకముందే చెప్పండి, తర్వాత చెబితే లాభం లేదు.