అన్నయ్య లేని భగినీ హస్త భోజనం: మా ఇంట్లో ఏం చేస్తున్నామంటే

అన్నయ్య పోయి ఏడాది దాటింది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినే భగినీ హస్త భోజనం దగ్గర పడుతోంది, ఇక నాకు ఆ పండుగ లేనట్టేనా అని ఒకావిడ నాకు రాసి అడిగారు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అన్నయ్య గుండెపోటుతో పోయి ఐదేళ్లయింది. నాకున్నది ఒక్కడే అన్న. అందుకే అమ్మా, మీకు నాకు జరిగిందే చెప్తాను.

మాది రాజమండ్రి. ఈ పండుగ వచ్చే కార్తీక శుద్ధ విదియ నాడు అన్నయ్య ఎక్కడున్నా మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చేవాడు. కంద బచ్చలి కూర, పులిహోర, గారెలు ఉండాల్సిందే. తెచ్చిన చీర నా చేతిలో పెట్టి, నేను చూసేలోపే "ముందు అన్నం పెట్టవే" అని పీట మీద కూర్చునేవాడు.

ఆయన పోయినప్పుడు, పెళ్ళయిన ఆడపిల్లవి కాబట్టి నీకు మూడు రోజుల మైలే, తర్వాత పండుగలు చేసుకోవచ్చు అన్నారు పెద్దలు. మూడు రోజులు! ఎనిమిది నెలల తర్వాత ఒక పెళ్ళిలో ఎవరో "అన్నయ్య పోయి ఎన్నాళ్ళయింది?" అంటే "మొన్నే" అన్నాను. మావారు నా వైపు చూశారు. నాకు నిజంగా మొన్నే అనిపించింది.

మొదటి విదియకి వంటే చేయలేదు. రెండో ఏడు ఫొటో ముందు విస్తరి వేసి అన్నీ వడ్డించాను. అది నాకు మేలు చేయలేదు. సాయంత్రానికి చల్లారిపోయిన ఆ విస్తరి తీయడానికి చేతులు రాలేదు. అందుకే మీకు గట్టిగా చెప్తున్నాను, ఒంటరిగా ఫొటో ముందు మాత్రం కూర్చోకండి.

ఈ పండుగ కథ మీకు తెలిసిందే. యముడు, యమున సూర్యుడి పిల్లలు. చెల్లెలు ఎన్నిసార్లు పిలిచినా తీరికలేని అన్న, చివరికి ఈ రోజున వెళ్ళి ఆమె చేతి అన్నం తిన్నాడు. ఈ రోజు చెల్లెలి ఇంట తిన్నవారికి అపమృత్యు భయం ఉండకూడదని ఆమె వరం అడిగింది. నిజం చెప్పాలంటే అన్నయ్య పోయాక ఆ వరం మాట వింటేనే కోపం వచ్చేది. ఏటేటా నా చేత్తోనే పెట్టాను కదా!

ఆ కోపం తగ్గింది ఇంకో కథ విన్నాకే. అది ఒక పెద్దాయన ప్రవచనంలో విన్నాను. కృష్ణ యజుర్వేదానికి చెందిన మైత్రాయణీ సంహితలో ఉంది. అందులో యముడు చనిపోతాడు. చెల్లెలు యమిని దేవతలు ఎంత ఓదార్చినా, ఎప్పుడు అడిగినా "ఈరోజే పోయాడు" అంటుంది. అప్పటికి లోకంలో రాత్రి లేదు, అంతా పగలే. ఇలాగైతే ఈమె ఎప్పటికీ తేరుకోదని దేవతలు రాత్రిని సృష్టించారు. రాత్రి వచ్చాక రేపు వచ్చింది, ఆమె దుఃఖం తగ్గింది. నా "మొన్నే" గుర్తొచ్చి అక్కడే ఏడ్చేశాను. ఆ యమినే తర్వాతి కథల్లో యమున అన్నారు. అంటే ఈ రోజున అన్నం వండి పెట్టిన చెల్లెలు, ఆ పాత కథలో అన్నని పోగొట్టుకున్న మనిషే. ఆవిడ పండుగ మనకి కాకుండా పోతుందా అమ్మా?

మూడో ఏడు వదినని, పిల్లలని పిలిచాను. వదినకి బొట్టు పెట్టి, అన్నయ్య కూర్చునే పీట మీదే కూర్చోబెట్టాను. తోబుట్టువు లేకుండా ఇదేం పండుగ, ఆమెకి బొట్టేమిటి అని ఇద్దరు ముగ్గురు గొణిగారు. నేను పట్టించుకోలేదు. ఆయన్ని నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆమె. ఆమెని గుమ్మం బయట ఉంచి నేను ఏ అన్నని తలుచుకోను?

ఆ రోజు వడ్డన మాత్రం నేను చేయలేదు. మా మేనకోడలి చేతికి గరిటె ఇచ్చాను. అది వాళ్ళ తమ్ముడికి వడ్డించింది. నేను పక్కన నిలబడి "ముందు పప్పు, తర్వాత కూర" అని చెబుతూ ఉన్నాను. అప్పటి నుంచి ఏటేటా అంతే.

మీకు ఈ ఏడు చేతకాకపోతే మానేయండి, తప్పేం లేదు. చేయగలిగితే ఆయనకి ఇష్టమైనది ఒక్కటి వండి, ఆయన్ని ఎరిగిన మనిషిని, స్నేహితుడైనా సరే, పిలిచి పెట్టండి. తినేటప్పుడు ఆయన మాటలు చెప్పుకోండి. మహారాష్ట్రలో అన్నదమ్ములు లేని ఆడవాళ్ళు ఈ రోజు చంద్రుడికి హారతి ఇస్తారు. మనకీ చంద్రుడు చందమామే కదా.

పోయినేడు భోజనాలయ్యాక మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "అత్తా, నాన్న గారెలు దేంతో తినేవారు?" అని అడిగాడు. అల్లప్పచ్చడితో, అది అయిపోతే పులిహోరలో నంజుకుని అని చెప్పాను. వాడు వెళ్ళి ఇంకో గారె తెచ్చుకుని, పులిహోరలో నంజుకుని తిని చూశాడు.