పాలపుంత చూడ్డానికి వెళ్తున్న మా సాహితికి

పెరంబూరు, చెన్నై

తల్లీ సాహితీ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "వదినా, మీ మేనకోడలు అమావాస్య నాడు అర్ధరాత్రి కొండల్లో చుక్కలు చూడ్డానికి పోతుందట, అన్నీ మీ పోలికలే" అంది. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఒక పక్క సంతోషం, ఒక పక్క గుండెదడ. ముప్పై ఏళ్ళు సైన్స్ టీచరుగా పాలపుంత బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. మన ఇంటి పిల్లల్లో దాన్ని కళ్ళారా చూడాలని బయల్దేరింది నువ్వొక్కదానివే.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. చాప, స్వెట్టర్, నీళ్ళు. చెప్పులొద్దు, బూట్లు వేసుకో. టెలిస్కోప్ కొంటానన్నావట, ఇప్పుడే వద్దు. పాలపుంత ఆకాశమంతా పరుచుకుని ఉంటుంది, టెలిస్కోప్‌లో చిన్న ముక్కే పడుతుంది. బైనాక్యులర్ చాలు. 1610లో గెలీలియో తన చిన్న దుర్భిణిలో చూసి, ఈ పాలన్నీ విడివిడి చుక్కలేనని రాశాడు. ధనుస్సు వైపు బైనాక్యులర్ తిప్పితే నీకూ అదే కనపడుతుంది.

కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూశారంటే మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యి, ఎర్ర వెలుగు కళ్ళని అంతగా చెడగొట్టదు. ఫొటోల్లో ఉండే ఊదా, నారింజ రంగులు మాత్రం కనపడవు, నిరాశపడకు. మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు. కెమెరా అయితే పదిహేను, ఇరవై సెకన్ల వెలుగు పోగేసుకుంటుంది. నీకు కనపడేది నీళ్ళు కలిపిన పాలు ఒలికినట్టు ఒక తెల్లటి చార. సన్నటి చుక్కల్ని సూటిగా కాక ఓరకంట చూడు, అప్పుడే దొరుకుతాయి.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. తెల్లవారుజామున నాలుగింటికే కొండ దిగి, పొద్దున షోళింగనల్లూరులో ఆఫీసుకి చేరాలని మీ ప్లాన్ అట. వద్దు తల్లీ. నా మీద ఒట్టు, ఆ ఒక్కటీ వద్దు.

మీ నాన్న ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు కదా. చిన్నప్పుడు క్రికెట్ ఆడుతూ పడ్డాడని నీకు చెప్పాం. అది అబద్ధం.

1994 మే అమావాస్య. నాకు ఎండాకాలం సెలవులు. మీ నాన్నకి కొత్త ఉద్యోగం, సెలవు లేదు. అయినా నేనే బతిమాలి తీసుకెళ్ళాను. వాణియంబాడిలో నా స్నేహితురాలి ఇంట్లో దిగి, వాళ్ళ స్కూటర్ అడిగి తీసుకుని, ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కాం. కావలూరు అబ్జర్వేటరీ అటువైపే. అక్కడి 2.3 మీటర్ల టెలిస్కోప్‌కి మన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు పెట్టారు. వాళ్ళ నాన్నగారు హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. దారంతా ఇదే చెబుతూ పోయాను. మీ నాన్న ఆవలిస్తూ విన్నాడు. ఆ ఆవలింతల్ని నేను పట్టించుకోలేదు.

దీపాల వెలుగు లేని ఒక రాతి చట్టు మీద చాప వేసుకున్నాం. పదకొండు దాటాక ఆగ్నేయంలో వృశ్చికం పూర్తిగా పైకొచ్చింది. అనూరాధ, జ్యేష్ఠ, ఆ కింద కొండిలా వంగిన మూల. రెండింటికల్లా అక్కణ్ణించి ధనుస్సు మీదుగా శ్రవణం దాకా, ఇంకా ఉత్తరానికి, తెల్లగా పారుతోంది. నడుమ నల్లటి చీలిక. మబ్బు పట్టిందని వాడు లేవబోయాడు. మబ్బు కాదురా, ధూళి, వెనకున్న చుక్కల వెలుగుని ఆపేస్తోంది అన్నాను. ఆ ధూళి సంగతి తెలియకే 1785లో హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త చుక్కలు లెక్కపెట్టి, సూర్యుణ్ణి ఇంచుమించు గెలాక్సీ మధ్యలో పెట్టి బొమ్మ గీశాడు. అసలు మధ్యభాగం అదుగో, మూలకి కాస్త పైన, 26,000 కాంతి సంవత్సరాల దూరాన అని వేలు పెట్టి చూపించాను. అక్కడున్న బ్లాక్ హోల్ ఫొటో 2022లో వచ్చింది, నువ్వే నాకు పంపావు. నలభై లక్షల సూర్యుళ్ళంత బరువు దానిది.

"అక్కా, ఇక పడుకుందాం" అన్నాడు వాడు. ఇంకో అరగంట అన్నాను. మూడింటికి మళ్ళీ అడిగాడు. ఇంకో పావుగంట అన్నాను. ఆ తర్వాత, ఇప్పుడు పడుకుంటే రైలు పోతుంది, పద పద అని నేనే లేపాను. వాడు స్కూటర్ నడుపుతున్నాడు. నేను వెనక కూర్చుని తల పైకెత్తి ఇంకా ఆకాశమే చూస్తున్నాను. వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. రోడ్డు మలుపు తిరిగింది, స్కూటర్ తిరగలేదు.

నా మోకాలు గీసుకుంది, అంతే. వాడి ఎడమ చెయ్యి వేలాడుతోంది. "అక్కా, నీకేమైనా తగిలిందా?" అన్నాడు ముందు. తెల్లారాక పాల క్యాన్ల వ్యాన్ వచ్చేదాకా ఆ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాను. పైకి చూడలేదు.

వినాయక చవితికి పాలవెల్లికి మామిడాకులు, వెలక్కాయలు, మొక్కజొన్న కంకులు అన్నీ తనే కడతాడు. పైన కొక్కేనికి తగిలించేటప్పుడు మాత్రం నిన్ను పిలుస్తాడు. నువ్వు పొడుగు పెరిగావు కాబట్టి పిలుస్తున్నాడని మురిసిపోయేదానివి. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటాను.

అందుకే చెబుతున్నా. మర్నాడు సెలవు పెట్టు. ఆలంగాయంలోనో వాణియంబాడిలోనో గది ముందే మాట్లాడుకోండి, డబ్బు నేనిస్తాను. లేదంటే కొండ మీదే తెల్లారేదాకా పడుకోండి. బండి నడిపేవాళ్ళు పన్నెండింటికల్లా నిద్రపోవాలి, వాళ్ళని చుక్కల పేరు చెప్పి లేపకండి. ఎండ వచ్చి, టిఫిన్ తిన్నాకే బయల్దేరండి. వెనక సీట్లో ఉన్నవాళ్ళు మాట్లాడుతూ ఉండాలి.

నువ్వు పుట్టింది మూల నక్షత్రంలో. మామగారికి గండమని అప్పట్లో ఎన్ని గుసగుసలో. నేను మాత్రం నిన్ను ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. ఆ మూలని బాగా చూసి రా.

మీ నాన్న ఆ తర్వాత ఎప్పుడూ కొండెక్కలేదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. కారులో ఒక సీటు ఖాళీగా ఉందట కదా. నాన్నని పిలవమని నేను అడగలేను తల్లీ, నువ్వడుగు. వస్తానంటే వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళు. రెండింటికి లేపు.

మీ అత్త