సెన్సార్ లేదు కదా, మరి పత్రికలకు భయమెందుకు?

ఎమర్జెన్సీలో ఉన్నట్టు వార్తలను ముందే చదివి కొట్టివేసే అధికారి ఇప్పుడు లేడు, అయినా మీడియా ఎందుకు జంకుతోందన్నది ప్రశ్న.

1975 జూన్‌లో ఢిల్లీ పత్రికాఫీసులకు కరెంటు తీసేశారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలింది. ఆ ఖాళీని చూసిన పాఠకుడికి తన దగ్గర ఏదో దాస్తున్నారని అర్థమయ్యేది. నేటి ఒత్తిడి అలా కంటికి కనిపించదు, నా దృష్టిలో అసలు ప్రమాదం అదే. ప్రభుత్వ ప్రకటనలు ఆగిపోతే చిన్న పత్రికకు జీతాలు ఇవ్వడమే కష్టం. యజమానికి వేరే వ్యాపారాలుంటే వాటి అనుమతులు, కాంట్రాక్టులు ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు, సంపాదకుడే ముందుగా తగ్గుతాడు.

మన దగ్గరే చూడండి. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కేబుల్ ఆపరేటర్లు నిలిపివేశారు. ఏబీఎన్ నెలల తరబడి కనిపించలేదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 2430 ద్వారా మీడియాపై కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. పరువునష్టం నేటికీ క్రిమినల్ నేరమే, రెండేళ్ల వరకు జైలు. కేసు చివరికి వీగిపోయినా వాయిదాల చుట్టూ తిరిగే విలేకరికి ఆ తిరుగుడే శిక్ష.

తెలుగులో పక్షపాతం ఎక్కువగా పార్టీల నీడలో పెరిగింది. అందుకే ఒక వర్గం ఛానల్ మూగబోతే రెండో వర్గం సంతోషిస్తుంది. 2014లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ సంతోషమే.