సంగీతం పీరియడ్ లెక్కలకి పోతోందా?

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. బాగా పాడుతుందని అందరూ అంటారు గానీ బళ్లో నేర్పేవాళ్లు లేరు. ప్రైవేటుకి రోజూ అమలాపురం పంపాలంటే బస్సు, ఫీజు, చీకటి పడితే టెన్షన్, మావల్ల కాదు. ప్రభుత్వ బళ్లో సంగీతం నేర్పాలని రూలేమీ లేదా?
– ఒక తల్లి, అంబాజీపేట

ఉందమ్మా, సగం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, వంద మంది దాటిన బడికి కళలు నేర్పే పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాశారు. కళ అంటే సంగీతమే అని మాత్రం రాయలేదు, డ్రాయింగ్ మాస్టారు ఉంటే లెక్క సరిపోయినట్టే. తొమ్మిది, పది తరగతులకి ఆ చట్టమే రాదు. 2020 జాతీయ విద్యా విధానం కళల్ని చదువులో భాగంగానే చూడమంటోంది, కానీ మన పదో తరగతి 600 మార్కుల్లో పాటకి ఒక్క మార్కూ లేదు కదా, మార్కు లేని పీరియడ్‌ని లెక్కల మాస్టారు అడిగితే ఏ హెడ్మాస్టరు కాదంటారు చెప్పండి!

అందుకే పేరెంట్స్ కమిటీ మీటింగులో సంగీతం టీచర్ పోస్టు అడక్కండి, అది వాళ్ల చేతిలో లేదు. వారానికి ఒక్క పీరియడ్ టైమ్‌టేబుల్లో వేసి దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని అడగండి, కాగితం మీద రాసి ఇవ్వండి. ఈలోగా మీ అమ్మాయికి రెండు దారులున్నాయి. సీసీఆర్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి కళల స్కాలర్‌షిప్ ఇస్తుంది, ఎనిమిదో తరగతంటే వయసు దాటిపోయే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి, ఆలస్యం చేయకండి. తర్వాత జాతీయ ఓపెన్ స్కూల్లో పదో తరగతి స్థాయిలోనే కర్ణాటక సంగీతం ఒక సబ్జెక్టుగా ఉంది.

ప్రశ్న: సంగీతం పుట్టుకతో రావాలండీ. రాని వాళ్లందరికీ నేర్పి ప్రయోజనం ఏమిటి?
– రిటైర్డ్ ఉద్యోగి, రాజోలు

మీ దగ్గర్లోనే శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ గారినే తీసుకుందాం. తండ్రి పట్టాభిరామయ్య గారు స్వయంగా విద్వాంసులు, ఆపైన విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికం. అంత ప్రతిభకి కూడా ఇల్లూ గురువూ ఉన్నారండీ. అవి రెండూ లేని కూలివాళ్ల పిల్లలకి మిగిలేది బడి ఒక్కటే. ఇక ప్రయోజనం సంగతా, లెక్కలు రాని వాళ్లకి లెక్కలు మానేస్తున్నామా?

ప్రశ్న: నేను సోషల్ టీచర్ని. పాటల పీరియడ్ నాకు అంటగట్టారు. నాకు సంగీతం రాదు. పంద్రాగస్టుకి బాగా పాడే నలుగురిని ఏరి నేర్పిస్తాను, మిగతావాళ్లు, ముఖ్యంగా తొమ్మిదో తరగతి మగపిల్లలు, నోరే విప్పరు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, పాలకొల్లు దగ్గర

మాస్టారూ, ముందు ఆ ఏరడం ఆపండి. ఏరినప్పుడల్లా మిగతా నలభై మందికి "నీకు రాదు" అని చెప్పినట్టే.

మగపిల్లల సంగతి సిగ్గు ఒక్కటే కాదు. ఆ వయసులో గొంతు మారుతుంది. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం, అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టు. ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటే గొంతు మారిన కుర్రాడికి ఒకటి, రెండు దగ్గర ఉంటుంది. మీరు ఆడపిల్లల శ్రుతిలో అందుకోమంటే వాడు కీచుమంటాడు, వెనక బెంచీ గొల్లుమంటుంది, ఇక వాడు జన్మలో పాడడు. ఫోన్లో శ్రుతి వినిపించే తంబురా యాప్ పెట్టుకోండి, ఉచితంగానే దొరుకుతుంది. శ్రుతి దించి వాళ్లని విడిగా పాడించండి, అందనివాడికి కొన్ని నెలలు తాళం అప్పగించండి.

తాళానికి మీకూ సంగీతం రానక్కర్లేదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు: తొడ మీద ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, విసురు (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, విసురు. క్లాసంతా కలిసి వేస్తుంటే మొదట్లో సంతలా ఉంటుంది, నాలుగో అక్షరం దగ్గర సగం మంది తప్పుతారు, వేగం తగ్గించి మళ్లీ వేయించండి.

ఇంకోటి, మీ క్లాసులో ఎవరెవరు ఏం వాయిస్తారో అడిగారా? ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు, జాతరలో డప్పు కొట్టేవాడు, పెళ్లిళ్లకి డోలు, సన్నాయి పట్టే ఇంటి పిల్లాడు మన డెల్టా బళ్లలో ఉంటూనే ఉంటారు, బళ్లోకి వచ్చాక ఆ సంగతి దాచేస్తారు, డప్పు సంగతి మరీనూ (ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు). వాళ్లనే ముందు నిలబెట్టండి. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ పోటీలు తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్లకే, అందులో జానపద వాద్యాలకీ చోటుంది. ఆ డప్పు కుర్రాడి పేరు మీరే రాసి పంపండి, వాడంతట వాడు వచ్చి అడగడు.